నక్షత్ర వర్తకులకు అభయము

ఇంటిలో ఉప్పు నిండుకొన్నచో అంగడికి బిడ్డను పంపుదుము. అంగడిలోనే ఉప్పు నిండుకొన్నచో ఏమి చేయవలయునో మనలో ననేకులు తలపోసియుండరు. అంగడికి సరకు వచ్చు త్రోవ యొకటి కలదనియు, దానిని ఎవరో కాచుచున్నారనియు, కాచువారు లేనినాడు వర్తకుడు బండి కట్టడనియు మనకు తోచకపోవుటకు కారణము, ఆ కాపుదల చాలవరకు చక్కగా జరుగుచుండుటయే. కంటికి కనబడని యీ కాపుదలను గూర్చి మేము మొదట తీరికగా ఆలోచించినది అర్థశాస్త్రగ్రంథము నేదియో చదివి కాదు. పిల్లల యాట యొకటి విని. సోదరీమణులు నవ్వినను సరియే, ఆ యాట నక్షత్రముల నడుమ సరకు మోయు ఓడలను గూర్చియు, వానిని దోచు దొంగలను గూర్చియు నైనది.

ఈ యాట పేరు ట్రావెలర్, అనగా బాటసారి. అమెరికా దేశమున మార్క్ మిల్లర్ అను నాతడు దీనిని రచింపగా, గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అను సంస్థవారు 1977లో మూడు చిన్న నల్లని పుస్తకములుగా ప్రకటించిరి. చదరంగమునకు వలె దీనికి పలకయు, పావులును అక్కరలేదు. కూర్చున్నవారిలో నొకడు లోకమును వర్ణించును. తక్కినవారు తాము ఓడనాయకులమనియో, వైద్యులమనియో, కొలువు విడిచిన సైనికులమనియో చెప్పుకొని, ఆయా సమయములందు ఏమి చేయుదురో పలుకుదురు. ఫలము సందేహమైనచోట పాచికలు వేయుదురు. పురాణకాలక్షేపమునకును, పాచికలాటకును పుట్టిన బిడ్డ యని దీనిని చెప్పవచ్చును.

ఈ కథలు జరుగు సీమకు మూడవ సామ్రాజ్యమని పేరు. అందు వేలకొలది లోకములు కలవు. 1979లో ‘స్పిన్‌వార్డ్ మార్చెస్’ అను సరిహద్దు సీమయొక్క పటము వెలువడినది మొదలు, ఎందరో రచయితలును, ఆటగాండ్రును ఆ సామ్రాజ్యమునకు తమతమ గ్రహములను, రేవులను, ఓడలను చేర్చుచు వచ్చిరి. 2008 నుండి ఆంగ్లదేశమునందలి మాంగూస్ సంస్థవారు క్రొత్త కూర్పులను ప్రకటించుచున్నారు. భారతకథను ఊరూర పౌరాణికులు తమతమ ఉపకథలతో పెంచినట్లు, ఈ కథాలోకమును కూడ పలువురు కలిసి పెంచినారు.

మా వారు బడిపంతులు గనుక వేసవి సెలవులలో సైతము మా యింట పిల్లల సందడి తప్పదు. మా పెద్దవాడును, వాని యీడువారు ముగ్గురును వసారాలో ఈ యాట ఆడుచుందురు. మేము చేటలో బియ్యము ఏరుకొనుచు వినుచుండి, తుదకు ఆ పుస్తకములను తీసికొని ఆసాంతము చదివితిమి. కల్పితలోకమైనను, దాని ధర్మములు కట్టుదిట్టముగా నున్నవి.

అందు ఓడ ఒక నక్షత్రమునుండి మఱియొక నక్షత్రమునకు లంఘించును. యంత్రబలమును బట్టి ఆ లంఘనము ఒక పార్సెక్కు మొదలు ఆరు పార్సెక్కుల వరకు ఉండవచ్చును. పార్సెక్కనగా కాంతి సుమారు 3.26 సంవత్సరములు పయనించు దూరము. అయితే దూరమెంతైనను లంఘనమునకు ఇంచుమించు ఒక వారము పట్టును. ఓడకంటె వడిగా వార్త పోవు నుపాయము లేదు. తంతి లేదు, టెలిఫోను లేదు. ఉత్తరముల మూటలు మోయు టపా పడవలు మాత్రము కలవు. కనుక ఒక నక్షత్రమునొద్ద దొంగలు పడిరన్న వార్త ప్రక్క నక్షత్రమునకు చేరుటకు వారము, అచ్చటి రక్షకనౌక వచ్చుటకు మఱియొక వారము. పక్షము గడచిన పిమ్మట వచ్చు రక్షకుడు చూడగలిగినది శిథిలములనే. ఆట పెట్టెమీద ముద్రించిన మాటలు సైతము, దాడికి చిక్కిన చిన్న వర్తకనౌక వినువారెవరైన నుందురేమోయని సహాయమునకై పిలుచు పిలుపే. అది చదివినప్పుడు మాకు ఒడలు జలదరించెను.

ఇక దొంగ ఎచ్చట పొంచియుండును? నడిత్రోవలో కాదు. లంఘనములో నున్న ఓడను ఎవరును అందుకొనజాలరు. గ్రహమునకు దాని వ్యాసమునకు నూరురెట్ల దూరము పోయిన పిమ్మటనే ఓడ క్షేమముగా లంఘింపగలదు. మన భూమి వ్యాసము సుమారు 12,700 కిలోమీటర్లు. నూరురెట్లనగా 12,70,000 కిలోమీటర్లు, చంద్రునికంటె మూడు రెట్లకు మించిన దూరము. సామాన్యమైన ఓడకు ఆ మేర దాటుటకు ఆరు గంటలకు పైగా పట్టును. దొంగకు కావలసినవి ఆ గంటలే. మఱియొక చోటు, గురుగ్రహము వంటి పెద్ద వాయుగోళముల దాపు. డబ్బులేని వర్తకుడు రేవులో ఇంధనము కొనక, ఆ గోళములపై దిగి ఉదజని వాయువును ఉచితముగా ముంచుకొనును. పేదవాని పొదుపే వానిని దొంగ చేతికి చిక్కించును.

ఒకనాడు పిల్లల నడుమ పెద్ద వాదము పుట్టెను. ఎదురింటివారి అమ్మాయి నాలుగువందల టన్నుల రక్షకనౌకకు నాయకురాలు. ఆ సీమ కంతటికి అది యొక్కటియే ఓడ. గొప్ప కంపెనీ ఓడలు అయిదు విలువగల యంత్రములతో బయలుదేరుచు తోడు రమ్మని కోరినవి. అదే సమయమున, గనులు త్రవ్వుకొను నొక పేద గ్రహమునకు మందులు, ధాన్యము తీసికొనిపోవు చిన్న నౌక యొకటి ఒంటరిగా రావలసియున్నది. ఆ గ్రహమునొద్ద దొంగల జాడ కనబడినది. తోడు పోయినచో రానుపోను పక్షము. అంతవరకు ఈ ద్వారమునకు కాపు లేదు.

మా వాడు విలువయెక్కువగల సరకునకే తోడు పోవలెనని వాదించెను. ఆ మాట వినగానే మాకు మౌసలపర్వము జ్ఞప్తికి వచ్చెను. ద్వారక మునిగిన పిమ్మట అర్జునుడు యాదవస్త్రీలను, ధనమును వెంటబెట్టుకొని పోవుచుండగా, పంచనదమున ఆభీరులు కఱ్ఱలు పట్టుకొని మీదపడిరి. గాండీవమును ఎక్కుపెట్టుటయే కష్టమాయెను, అస్త్రములు స్ఫురింపవయ్యెను, అమ్ములు తఱిగిపోయెను. అంతటి వీరుడు చూచుచుండగనే దోపిడి జరిగెను. పెద్ద బిడారునకు ఒక్క వీరుని తోడిచ్చినంతమాత్రమున త్రోవ క్షేమము కాదు. త్రోవ పొడవునను మజిలీ మజిలీకి కాపు వారుండవలయును. దొంగకు దాగుచోటు, దోచిన సొమ్ము అమ్ముకొను అంగడి లేకుండ చేయవలయును.

చిన్న వర్తకుని లెక్కలను కూడ మేము కాగితముపై వేసి చూచితిమి. ఇంటి పద్దు వ్రాయు అలవాటు మనకున్నది గదా! రెండువందల టన్నుల సామాన్య వర్తకనౌక వెల 3,70,80,000 క్రెడిట్లు. అయిదవ వంతు ముందుగా చెల్లించి, తక్కినదానికై వెలలో 240వ వంతు చొప్పున నెలనెల 480 నెలలు, అనగా నలువది యేండ్లు కట్టవలయును. నెల వాయిదా 1,54,500. అందు సరకునకు 82 టన్నుల చోటు. టన్ను కిరాయి వేయి క్రెడిట్లు. నెలకు రెండు ప్రయాణములు. ఓడ నిండుగా నున్నను రాబడి 1,64,000. మిగులునది 9,500. ఇందులోనే జీతములు, ఇంధనము, తిండి, గాలి. ప్రయాణికులు దొరికిననే గడచును. ఓడమీద ఆయుధములకు రెండు చోట్లు విడిచియుందురు గాని, ఆయుధములను యజమానుడే కొనవలయును. శత్రువు కిరణములను చెదరగొట్టుటకు ఇసుక చల్లు యంత్రము కూడ అందొకటి కలదు. పేదవాని డాలు అది. ఇట్టివానికి ఒక్క నెల సరకు దొరకకున్నచో వాయిదా తప్పును. వాయిదా తప్పినవాడు ఓడతో పరారియగును. పరారియైనవాడు బ్రతుకుటకు ఎదుటివాని ఓడను చూచును. దొంగలలో కొందఱు నిన్నటి వర్తకులే. కాబట్టి కిరాయి న్యాయముగా నుండుటయు, పేద రేవులకు పోవు ఓడకు సర్కారు కొంత సాయము చేయుటయు కూడ దొంగలను అణచు నుపాయములే. సర్కారు సాయముతో నడచు నౌకలు ఆ కథాలోకమున కలవు.

ఇది ఆకాశములోని ఊహ మాత్రమే కాదు. మా పినతండ్రిగారి కుమారుడు సరకు ఓడలో యంత్రశాల యందు పని చేయును. 2010లో అతని ఓడ ఏడెన్ సింధుశాఖ గుండ పోవలసివచ్చెను. సోమాలియా దొంగలు ఓడలను పట్టి సొమ్ము గుంజుచుండిన కాలమది. ఓడ అంచులకు ముండ్లతీగె చుట్టిరట. నీళ్ల గొట్టములు సిద్ధముగా నుంచిరట. దొంగలెక్కినచో అందఱును దాగుటకు లోపల ఒక గట్టి గది ఏర్పఱచిరట. అచ్చట యుద్ధనౌకలు కాయుచుండిన యొక నిర్ణీతమార్గమున, వేగము సమముగా గల ఓడలను జట్టులుగా నడుపుచుండిరి. 2008 అక్టోబరు నుండి మన నావికాదళమువారును అచ్చట కాపు కాయుచుండిరి. ఆ నాలుగు దినములు మా పిన్నమ్మ దేవునిగది విడిచి రాలేదు. దాటితిమన్న వార్త వచ్చిన పిమ్మటనే పొయ్యి రాజేసెను. వార్త రాని దినములెంత పొడవో ఆమె ముఖమున మేము చూచితిమి. 2023 డిసెంబరులో దొంగలు పట్టుకొనిన రూయెన్ అను ఓడను, 2024 మార్చిలో మన ఐ.ఎన్.ఎస్. కోల్‌కత నౌకవారు సుమారు నలువది గంటలు వెంటాడి, ముప్పదియైదుగురు దొంగలను లొంగదీసి, పదునేడుగురు నావికులను ప్రాణములతో విడిపించిరి. ఆ వార్త చదివి మేము మొదట లెక్కించినది ఆ పదునేడుగురి యిండ్లను.

మన తీరమున మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము కలదు. మునుపటి రాజులు గాలివానకు చితికి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా గైకొనుచుండిరనియు, తాను నిర్ణీతమైన సుంకము దక్క తక్కినదంతయు విడిచితిననియు అందు తెలిపెను. సుంకము ముప్పదింట నొక వంతు. చూడుడు, వర్తకుని దోచువాడు నల్లజెండా కట్టినవాడే కానక్కరలేదు. రేవు నేలువాడే దోచవచ్చును. ఇంత తీసికొందుము, ఇంతకు మించి తాకము అని ఱాతిపై చెక్కించిన మాట యొక యుద్ధనౌకకు తీసిపోదు. వర్తకుడు ఆ మాటను నమ్మి, వచ్చు సంవత్సరము కూడ తెరచాప ఎత్తును.

పిల్లల వాదము తీరిన విధము చెప్పెదము. ఎదురింటి అమ్మాయి చాలసేపు పలుకక, మా వంక తిరిగి, “పిన్నిగారూ, కంపెనీ ఓడలకు ఆయుధాలున్నాయి. ఆ మందుల ఓడకు ఇసుక తప్ప ఏమీ లేదు. అది రాకపోతే అక్కడివాళ్లు మళ్లీ ఎన్నాళ్లు ఎదురుచూడాలి?” అని యడిగెను. మేము జవాబు చెప్పలేదు. ఆమెయు జవాబునకై నిలువలేదు. రక్షకనౌకను పేద గ్రహపు వాయుగోళము చాటున నిలిపి, కంపెనీవారికి ఒకరి నొకరు కనిపెట్టుకొని పొండని కబురంపెను. పాచికలు పడినవి. దొంగలు దూరమునుండియే ఆ నౌకను చూచి మఱలిపోయిరి. ఒక్క ఫిరంగియు మ్రోగలేదు. యుద్ధము లేదే యని మా వాడు చిన్నబుచ్చుకొనెను.

మాకు మాత్రము అదియే గొప్ప విజయముగా తోచినది. పిలుపు వినిన పిమ్మట పరుగెత్తివచ్చువానిని లోకము పొగడును. పిలువవలసిన యక్కర రాకుండ ముందుగానే వచ్చి నిలిచినవానిని ఎవరును ఎఱుగరు. రాత్రి తలుపు గడియ వేసి, దీపము తగ్గించి, బిడ్డల దుప్పటి సవరించు తల్లి పని యిట్టిదే. సోదరీమణులారా, మీ యిండ్లలో బిడ్డలు ఇట్టి యాటలు ఆడునపుడు దొంగలాటయని త్రోసివేయక, ఒక్కసారి చేరువ కూర్చుండి వినుడు. ఆ ఓడ చేరకపోయినచో ఎవరి యింట పొయ్యి వెలుగదో అడుగుడు. తక్కినది వారే ఆలోచించుకొందురు.