కదలకు నాన్నా!

"కథలు రాయరు, కవిత్వం రాయరు, మరి మా సంచికకి ఏం రాస్తారు మాస్టారూ?" అని అడిగాడు విద్యార్థి సంఘం కార్యదర్శి. నిజమే. నాకు తెలిసిందల్లా ఒక గది, అందులో ఒక యంత్రం, దాని ముందు గుక్కపట్టి ఏడ్చే పిల్లలు. ఆ సంగతే రాస్తున్నాను. ఎక్స్‌రే టెక్నీషియన్ రాతల్లో సాహిత్యం వెతక్కండి.

ఈ కళాశాలలో బి.యస్సీ. చదివే రోజుల్లో రాంట్‌జన్ పేరు మార్కుల కోసం బట్టీపట్టినవాణ్ణే. 1895 నవంబరులో ఆ కిరణాలు కనిపెట్టాడు, డిసెంబరులో భార్య చేతిని ఫొటో తీశాడు, 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతవరకే పాఠం. పాపం, ఆవిడ పెద్దది గనక నిమిషాల తరబడి చెయ్యి కదపకుండా ఉంచింది. నా దగ్గరకొచ్చేవాళ్లు సెకనులో పదోవంతు కూడా కుదురుగా ఉండరు!

ఉద్యోగంలో చేరిన కొత్త. ఆసుపత్రి పేరు ఎందుకులెండి, తప్పు నాది. రాజోలు వైపు నుంచి మూడేళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చారు. జ్వరం, దగ్గు. ఛాతీ ఎక్స్‌రే తియ్యాలి. బయట జనం క్యూ కట్టి ఉన్నారు. "చేతులు మీరు పట్టుకోండి, కాళ్లు మీరు పట్టుకోండి" అని తండ్రినీ మేనమామనీ పురమాయించాను. వాడు గిలగిల్లాడాడు. మొదటి బొమ్మ చెదిరింది. రెండోది ఊపిరి వదిలినప్పుడు పడింది. అలా పడితే ఊపిరితిత్తులు తెల్లగా కనిపించి, లేని న్యుమోనియా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మూడోది ఎలాగో కుదిరింది.

వెళ్లేటప్పుడు ఆ తల్లి నాకు దణ్ణం పెట్టింది. "మా పిల్లోడికి మూడు ఫొటోలు తీశారండి బాబూ, ఎంత శ్రద్ధండీ!" అంది.

ఆ దణ్ణం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎవరైనా తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఒకసారి పడవలసిన కిరణాలు ఆ బిడ్డ మీద మూడుసార్లు పడ్డాయి. కారణం వాడి అల్లరి కాదు, నా తొందర.

మర్నాడు మా సీనియర్‌కి చెప్పుకున్నాను. ఆయన నవ్వి, "ఏడిచే పిల్లాడు కూడా ఊపిరి పీల్చుకుంటాడోయ్! రెండు ఏడుపుల మధ్య దొరుకుతుంది. దానికోసం కాచుకో" అన్నారు. అంతే పాఠం. తక్కిందంతా దాని వెనకాలే వచ్చింది. పిల్లాణ్ణి గదిలోకి పిలవకముందే యంత్రం సిద్ధం చేసుకోవడం. వెలుగు చట్రాన్ని కావలసినంత మేరకే కుదించడం. పెద్దవాళ్లకి పెట్టిన కొలతలు మార్చి, బిడ్డ ఒంటికి తగినట్టు పెట్టుకోవడం. తప్పనిసరిగా ఎవరైనా పట్టుకోవాలంటే వాళ్లకి సీసపు కోటు తొడగడం, వాళ్ల చేతులు వెలుగు చట్రంలోకి రాకుండా చూడడం, గర్భిణులను బయటే ఉంచడం. అన్నిటికంటే ముందు, ఆ చిన్నవాడితో రెండు నిమిషాలు మాట్లాడడం. ఆ రెండు నిమిషాలూ దండగ అనిపిస్తాయి గాని, మూడు బొమ్మల్ని ఒక బొమ్మగా చేసేవి అవే.

మా దగ్గరకొచ్చే తల్లిదండ్రులు రెండు రకాలు. ఒకరు కొత్తపేట నుంచి వచ్చి, "ఎక్స్‌రే తీస్తే కేన్సరొస్తుందటండీ, వద్దండీ" అంటారు. ఇంకొకరు జామచెట్టు మీంచి పడిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, "ఖర్చు చూడకండి, తలకి స్కానింగు చేసెయ్యండి" అంటారు. ఇద్దరికీ నిజమే చెప్పాలి.

మనం ఊరికే కూర్చున్నా నేలనుంచీ ఆకాశంనుంచీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ వస్తూనే ఉంటుంది. పెద్దవాళ్ల ఛాతీ ఎక్స్‌రేకి 0.1 మించదు. అవసరమైన ఎక్స్‌రేకి భయపడి న్యుమోనియాని వదిలేయడం తెలివి కాదు. సీటీ స్కాన్ సంగతి వేరు. తలకి తీస్తే సుమారు 2 మిల్లీసీవర్టులు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన ప్రకారం, పదేళ్ల లోపు పిల్లలు 10,000 మందికి తల సీటీ తీస్తే తరువాతి పదేళ్లలో అదనంగా ఒక లుకేమియా, ఒక మెదడు కణితి రావచ్చు. పిల్లల కణాలు చురుగ్గా విభజన చెందుతాయి, ముందు బతకవలసిన ఏళ్లూ ఎక్కువ. అందుకే డాక్టరుగారు ముందు పిల్లాణ్ణి చూసి, మాట్లాడించి, కొన్ని గంటలు కనిపెట్టి ఉండమంటే అది అశ్రద్ధ కాదు. ప్రమాద లక్షణాలు ఉంటే మాత్రం క్షణం ఆలోచించకూడదు. పొట్టలో నొప్పి లాంటి వాటికి చాలాసార్లు అల్ట్రాసౌండే చాలు, దాంట్లో ఈ కిరణాలే ఉండవు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఫిలిం రోజుల్లో కిరణాలు ఎక్కువైతే బొమ్మ నల్లబడి మన తప్పు మనకే చెప్పేది. ఇప్పుడు కంప్యూటర్ దాన్ని సరిదిద్ది చక్కగా చూపిస్తుంది. బిడ్డకి రెండింతలు పడినా బొమ్మ ఇంకా అందంగానే ఉంటుంది! మెచ్చుకునేవారే గాని అడిగేవారుండరు. తెర పక్కన వచ్చే అంకె చూసుకోవలసింది మనమే.

మొన్న ఒక ఆరేళ్లవాడు తలుపు పట్టుకుని వేలాడుతూ లోపలికి రానన్నాడు.

"ఏరా, ఈతొచ్చా?" అన్నాను.

"ఆయ్! మా కాలవలో మునుగుతానండి."

"మునిగేటప్పుడు ఊపిరి ఎలా బిగపడతావు? ఏదీ, చూపించు."

బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. మీట నొక్కాను. ఒక్కటే బొమ్మ.

"అయిపోయిందా? ఇంకోటి తియ్యరా?" అన్నాడు నిరాశగా.

"అక్కర్లేదు నాన్నా" అన్నాను. ఆ మాట అనగలగడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.