ఎనభై అయిదు శాతం

భవనాలకి ఎంత చల్లదనం కావాలో లెక్కకట్టడం నా ఉద్యోగం. మెకానికల్ డిజైన్ ఇంజనీరునంటే కార్లో, మిషన్లో అనుకుంటారు. మాది ఏసీలు, చిల్లర్లు, డక్టులు. అన్నీ ఫాల్స్ సీలింగ్ వెనక దాక్కునేవే. ఇంటిపనిలాగే ఇదీ, ఆగిపోయినప్పుడే అందరికీ కనిపిస్తుంది.

ఈ లెక్కల్లో మనిషి కూడా ఒక వేడి వస్తువే, కంప్యూటరూ లైటూ లాగా. మేం తిరగేసే అమెరికన్ సంస్థ ఆష్రే పుస్తకంలో, ఆఫీసులో పనిచేసే మనిషి సుమారు 130 వాట్ల వేడి విడుస్తాడని ఉంటుంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ: ఆడమనిషి విడిచే వేడి మగమనిషి వేడిలో 85 శాతం, పిల్లలది 75 శాతం అనుకుని ఈ అంకె కట్టామని. ఈ 85 సంగతి విని మండిపడ్డ స్నేహితురాళ్ళున్నారు. నాకైతే అందులో అవమానం కనిపించదు. ఒళ్ళు చిన్నదైతే వేడీ తక్కువే. నా కోపం వేరేచోట ఉంది. ఎంత పెద్ద యంత్రం కొనాలో తేల్చేటప్పుడు గుర్తొచ్చిన ఆడమనిషి, గది ఎంత చల్లగా ఉండాలో తేల్చేటప్పుడు ఎవరికీ గుర్తురాలేదు.

హాయిగా అనిపించే ఉష్ణోగ్రతని లెక్కకట్టే పద్ధతిని డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో పుస్తకంగా తెచ్చాడు. ఆ లెక్కలో శరీరం పుట్టించే వేడికి వాడుతున్న ప్రమాణం సగటు మగవాడిది. అది ఆడవాళ్ళ వేడిని 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపవచ్చని నెదర్లాండ్స్ పరిశోధకులు కింగ్మా, వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్ 2015లో రాశారు. వాళ్ళు పరీక్షించింది 16 మంది యువతుల్నే, నిజమే. కానీ మండే మే నెలలో ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కే అమ్మాయిల సంచుల్లో శాలువా ఎందుకుంటుందో దానికి ఇది కొంత జవాబు. పెద్ద అంబర్‌పేట్ నుంచి నేనూ ఒకటి పట్టుకెళతాను. చల్లదనం లెక్కకట్టేదీ నేనే, వణికేదీ నేనే.

బట్టల వెచ్చదనానికి క్లో అని ఒక కొలత ఉంది. ఒక క్లో అంటే దాదాపు ఒక సూటు. మరి చీర? ఆర్కిటెక్టు ఇంద్రగంటి మాధవి ఆ ప్రశ్న వేసుకున్నారు. వేడి పుట్టించే బొమ్మకి రకరకాలుగా చీరలు కట్టి కొలిచారు. కట్టు మారితే వెచ్చదనం మారుతుందని అంకెలతో చూపించారు. అంతకుముందు 2008లో హైదరాబాదు అపార్టుమెంట్లలోకి వెళ్ళి అక్కడివాళ్ళని అడిగి చూస్తే, వాళ్ళకి హాయిగా ఉన్నది 26 నుంచి 32 డిగ్రీల దాకా! అప్పటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పింది 23 నుంచి 26.

ఆఫీసులో వణుకు సరే, ఇంట్లో సంగతి? మా పెద్ద అంబర్‌పేట్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లేచే అపార్టుమెంట్ల లాంటి వాటి డ్రాయింగులు నా టేబుల్ మీదకీ వస్తాయి. హాలుకి ఏసీ పాయింటు, ప్రతి పడగ్గదికీ ఏసీ పాయింటు. వంటగదికి గోడలో ఒక చిల్లు. పెద్ద బర్నరు మంట సుమారు 2 కిలోవాట్లు, అంటే మా పట్టిక ప్రకారం పదిహేను మంది ఆఫీసు మనుషులు. గిన్నెలోకి పోయిన వేడి కూడా చాలావరకు ఆవిరై గదిలోకే వస్తుంది. ఆ పదిహేను మందీ కోడ్ కనీసంగా చెప్పే 5 చదరపు మీటర్లలో!

"కిచెన్ కండిషన్డ్ ఏరియా కాదు కదా మేడమ్" అన్నాడు మీటింగులో ఒక ప్రాజెక్టు మేనేజరు.

"కాదండీ. కానీ అందులో మనిషి ఉంటుంది కదా" అన్నాను.

నేను వంటగదికి ఏసీ అడగలేదు. కాస్త పెద్ద ఎగ్జాస్టు, పొగ నేరుగా బయటికి పోయే డక్టు, తలుపు కింద గాలి వచ్చే సందు. ఖర్చు తగ్గింపులో మొట్టమొదట ఎగిరిపోయింది ఆ డక్టే. పడగ్గదుల ఏసీ పైపుల జోలికి ఎవరూ పోలేదు.

తర్వాతి ప్రాజెక్టు లెక్కపత్రంలో వంటగదికి ఒక వరుస చేర్చాను. మనుషులు: 1. సమయం: ఉదయం 5.30 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9. "ఇది ఎవరడిగారు?" అని మార్జిన్‌లో రాసి వెనక్కి పంపారు. చివర సంతకం పెట్టాల్సింది నేనే కనక, ఆ వరుస తియ్యకుండానే మళ్ళీ పంపాను.