నమకంలో కుమ్మరి

బాల్యంలోనే వేదపాఠశాలలో చేరిన నాకు గురువుగారు ప్రసాదించినది స్వరం. ఉదాత్తానుదాత్త స్వరితాలలో ఒక్కటి తప్పినా మరల మొదటినుండి వల్లించవలసినదే. అర్థం అడగాలనే తలంపే మాకు కలుగలేదు. ఆ శిక్షణ వలననే శ్రీరుద్రం నేటికీ నా నోట అస్ఖలితంగా సాగుతున్నది. అందుకు గురుచరణాలకు సదా ఋణపడి ఉన్నాను.

జనగామ ప్రాంతంలోని ఒక శివాలయంలో అర్చకత్వం చేస్తూ యాభై రెండేండ్ల వాడినయ్యాను. ఒక కార్తిక సోమవారం అభిషేకం ముగిసిన పిమ్మట, ఆలయానికి ప్రమిదలు తెచ్చే కుమ్మరి కుటుంబపు బాలిక నన్ను అడిగింది: “అయ్యగారూ, అన్నిసార్లు నమః అన్నరు గదా, ఎవరికి?”

“శివునికమ్మా.”

“ఒక్క దేవునికే అన్ని దండాలా?”

“మంత్రాన్ని ప్రశ్నించరాదు” అని కసిరాను. ఆ పసిముఖం వాడిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మందలింపుతో నేను కాపాడినది మంత్రగౌరవాన్ని కాదు, నా అజ్ఞానాన్ని. అర్థమెరుగక వేదం వల్లించేవానిని యాస్కమహర్షి నిరుక్తంలో బరువు మోసే స్తంభంతో పోల్చాడు. ఆ స్తంభాన్ని నేనే అనిపించింది.

వరంగల్లులో ఒక వృద్ధపండితుని ఆశ్రయించి సాయణభాష్యం పాఠం ఆరంభించాను. తల నెరసిన పిమ్మట పలక పట్టినట్లుండేది. సిగ్గుతో రెండుమార్లు మానివేద్దామనుకొన్నాను. నమకం నాలుగవ అనువాకం వద్ద మాత్రం నిశ్చేష్టుడనయ్యాను. అక్కడ వడ్రంగులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు రుద్రరూపులుగా నమస్కారమున్నది. ఇన్నేండ్లుగా నా నోటితో ఆ బాలిక తండ్రికి నమస్కరిస్తూనే, ఆమెను కసిరి పంపాను!

అర్థం చెప్పడం ఆరంభిస్తే మహబూబాబాద్ ప్రాంతపు సహార్చకుడొకరు “సంప్రదాయం సడలుతుంది” అని వారించారు. ఆ భయం నిరాధారం కాదు. స్వరంలో, వర్ణంలో నవ్యతకు తావు లేదు. కాని ధ్యానం, మానసపూజ భావనతోనే సిద్ధిస్తాయి. అర్థం తెలియనిదే భావనకు ఆలంబనమేది? మన పాలకుర్తి వాడని చెప్పుకొనే పాల్కురికి సోమనాథుడు సంస్కృతంలోనూ రచించిన పండితుడు. అయినా బసవపురాణానికి దేశీయమైన ద్విపదను గ్రహించాడు. కుండలు వాయిస్తూ శివుని ఆడించిన కుమ్మర గుండయ్య కథను అందులోనే చెప్పాడు. ఆ నూతనయత్నం భక్తిని సడలించలేదు, ఇంటింటికీ చేర్చింది.

అటు పిమ్మట భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దర్శించాను. అక్కడ ఒకే పానవట్టంపై యముని పేర ఒక లింగం, శివుని పేర ఒక లింగం ఉన్నాయి. ఆ సన్నిధిలో కఠోపనిషత్తులోని నచికేతుడు స్మరణకు వచ్చాడు. భోగాలన్నీ ఇస్తాను, ఆ ప్రశ్న మానుమన్నాడు యముడు. బాలుడు మానలేదు. యముడు కోపించలేదు, అతనికి గురువయ్యాడు. మృత్యుదేవత సహించిన ప్రశ్నను నేను సహించలేకపోయాను.

మరుసటి కార్తికంలో ఆ బాలికను పిలిచి, తండ్రి ఎదుటనే నాలుగవ అనువాకానికి అర్థం చెప్పాను.

“మా నాయనకు గూడ దండమేనా?” అన్నది.

“అవునమ్మా. నాకు తెలియక నిన్ను కసిరాను” అన్నాను.

ఆ తండ్రి ఏమీ మాట్లాడలేదు. మట్టి ఆరిన తన చేతులను చాలాసేపు చూసుకొన్నాడు.

భక్తమహాశయులారా, మీరు నిత్యం పఠించే స్తోత్రంలో ఒక్క పదాన్ని గ్రహించి, దాని అర్థం పెద్దలను అడగండి. మిమ్ములను ఎవరైనా అడిగినప్పుడు తెలియకుంటే, తెలియదని చెప్పి తెలుసుకొనండి. జిజ్ఞాస అపచారం కాదు.

స్వస్తి.