మన్ననూరు గుట్ట మీది తపసి

హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరంటే డ్రైవర్లకు చెక్‌పోస్టే గుర్తొస్తుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అక్కడి నుంచి అడవి దారిలోకి బండ్లు వదలరు. నాకు అడవిలోకి పోయే పని లేదు. ఊరి చివర చేల గట్టున నిలబడి, ఆకు రాల్చిన కొమ్మల్లోంచి చంద్రుణ్ని తీయాలి. ఫాల్గుణంలో నల్లమల అందుకు తగ్గట్టే ఉంటుంది. టేకు మోడు, ఇప్ప మోడు. మోదుగ ఒక్కటే పూలతో ఎర్రగా ఉంటుంది, అదీ ఆకుల్లేకుండానే.

పౌర్ణమికి వస్తానంటే తపసి బంక ఏరే చెంచు పెద్దాయన ఫోన్లోనే ఆపాడు. "పున్నం నాడెందుకు సార్, ముందురోజు రా. పొద్దుండంగనే లేస్తది." ఆయన లెక్కే సరైంది. పౌర్ణమి చంద్రుడు పొద్దుగూకే వేళకు లేస్తాడు. కొమ్మల ఎత్తుకు వచ్చేసరికి ఆకాశం నల్లబడి రెమ్మలు కనబడకుండా పోతాయి. చతుర్దశి నాడు ముప్పావు గంట, గంట ముందే లేస్తాడు కాబట్టి, కొమ్మల దాకా వచ్చేసరికి వెనక ఇంకా నీలం మిగిలి ఉంటుంది.

చెట్టు కూడా ఆయన చూపించిందే. రాతిగుట్ట మీద తపసి. దగ్గరికెళ్లి చూస్తే బెరడు ఉల్లిపొరలా లేచి ఉంది, పాత గాటు కింద బంక బొట్లుగా గడ్డకట్టింది. నేను అక్కడే స్టాండు దించబోతే ఆయన నవ్వాడు. నిజమే, చెట్టు కింద నుంచి తీస్తే చంద్రుడు, కొమ్మ రెండూ స్పష్టంగా రావు. గుట్ట దిగి, నూట ఇరవై మీటర్లు వెనక్కి, చేలోకి వచ్చాం. అంత దూరం నుంచి చంద్రబింబం చెట్టు మీద మీటరుకు కాస్త మించి జాగాను కప్పుతుంది, సరిగ్గా ఒక చీలికంత. 300 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్/16, ఐఎస్ఓ 400, సెకనులో 125వ వంతు. ఎండ పడ్డ బండను తీస్తున్నామనుకోవాలి తప్ప రాత్రి ఫొటో అనుకోకూడదు. అలా అనుకునే చాలామంది తెల్లటి బిళ్లను ఇంటికి తీసుకెళ్తారు.

చిక్కంతా కదలికతోనే. రెండు నిమిషాల్లో చంద్రుడు తన వెడల్పంత జరుగుతాడు. పైకి పోయేకొద్దీ అదే చీలికలో నిలపాలంటే మనం చెట్టువైపు నడవాలి. నడిచేకొద్దీ కొమ్మ మసకబారుతుంది. స్టాండు భుజానేసుకుని కందిమోళ్ల మధ్య తిరగడం మొదలుపెట్టాను.

కెమెరా తెర చూసి పెద్దాయన పెదవి విరిచాడు. "గింతేనా? లేసేటప్పుడు చాటంత ఉండె గద!" అది కంటి మాయ. ఈ లెన్సుతో సెన్సారు మీద చంద్రుడు ఎక్కడున్నా 3 మిల్లీమీటర్ల లోపే పడతాడు. ఆ మాట చెప్పినా ఆయన నమ్మినట్టు లేదు.

వచ్చే నెల ఇప్పచెట్టు దగ్గర తీద్దామా అని అడిగాను.

"అప్పటికి చిగురేస్తది సార్. గీ తపసికే రా."