ఆవుకు వేసే సూది, రాబందు ప్రాణం

మాది తమక పక్కన పల్లె. మా ఇంట్లో రెండు సీమావులు ఉన్నాయి. రెండు పూటలా డైరీకి పాలు పోస్తాము. ఆ పాలదుడ్డుతోనే ఇల్లు నడుస్తుంది.

"మా కాలంలో గొడ్డు చస్తే ఊరి బయట వేసేవాళ్ళు. రాబందులు గుంపుగా దిగి ఎముకలు మాత్రం మిగిల్చేవి" అని మా అవ్వ చెప్తుంది. నేను ఇంతవరకు ఒక్క రాబందును కూడా చూడలేదు. ఇప్పుడు ఆ చోట కుక్కలే తిరుగుతున్నాయి.

అవి ఎక్కడికి పోయినాయని మా సైన్సు మేడంను అడిగినాను. కారణం డైక్లోఫెనాక్ అని చెప్పినారు. అది నొప్పికి, వాపుకు పశువులకు వేసే మందు. ఆవుకు మేలే చేస్తుంది. కానీ సూది వేసిన కొద్ది దినాల్లో ఆవు చస్తే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి ప్రాణం పోతుంది. ఈ సంగతి 2004లో బయటపడింది. అప్పటికే మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 95కు పైగా తగ్గిపోయినాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఈ మందును నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. మెలాక్సికామ్ వేస్తే రాబందుకు హాని లేదు.

పోయిన ఏడాది మా ఆవుకు పొదుగువాపు వచ్చింది. "ఏదో ఒక సూది వేసి తొందరగా బాగుచేయండి సార్, పాలు నిలిచిపోతే ఎట్లా?" అని నాయన డాక్టరును అడిగినాడు. నేను మెలాక్సికామ్ గురించి చెప్తే, "ఇక్కడ లేని పక్షి కోసం మన ఆవు నొప్పి పడాలా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డాక్టరే చెప్పినారు: "ఆవు నొప్పికి కూడా అదే మంచి మందు. రాబందులు పూర్తిగా పోలేదు. రామనగరలో రామదేవర బెట్టను వాటికోసమే 2012లో అభయారణ్యం చేసినారు. అవి మేతకు చాలా దూరం ఎగురుతాయి."

అసలు జబ్బు రాకుండా చూసుకుంటే మందే తక్కువ పడుతుందని కూడా ఆయన చెప్పినారు. కొట్టం పొడిగా ఉంచాలి. పాలు పిండినాక ఆవు వెంటనే పడుకోకుండా మేత వేయాలి. ఆరు నెలలకోసారి కాలుబాయి జ్వరానికి టీకా వేయించాలి. 2013లో ఆ జ్వరం మన రాష్ట్రంలో ఎన్నో పశువులను తీసుకుపోయింది. అది జింకలకు, అడవిపందులకు కూడా అంటుతుంది. కాబట్టి మన ఆవుకు వేసిన టీకా వాటికీ కాపలాయే.

మా ఆవు కోలుకుంది. ఇప్పుడు టీకా తేదీలు నాయనే గోడ క్యాలెండరు మీద రాస్తున్నాడు. మీ ఇంట్లోనూ పశువులుంటే, సూది వేసేముందు మందు పేరు అడగండి. అడగడానికి దుడ్డు అక్కరలేదు.