వార్డులో కనిపించని ఊరు

చేతిలో ఎక్స్‌రే కవరు, చంకలో అన్నం మూట. పొద్దున్నే ఆదోని, ఎమ్మిగనూరు బస్సులు దిగేవాళ్లలో చాలామంది నడక కర్నూలు పెద్దాసుపత్రికే! 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీ విద్యార్థులకు అసలు బడి ఇదే. అనంతపురం, మహబూబ్‌నగర్ నుంచే కాదు, అవతల రాయచూరు, బళ్లారి నుంచీ రోగులు వస్తారు. అందుకే ఇక్కడ చూడని జబ్బు ఉండదంటారు. నిజమే... జబ్బును చూస్తారు. అది పుట్టిన ఊరిని మాత్రం చూడరు.

ఉదాహరణకు పక్షవాతంతో వచ్చిన ఓ పెద్దాయన. కేస్‌షీటులో 'బీపీ, మందులు మానేశాడు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. ఎందుకు మానేశాడో తెలియాలంటే కోసిగి, హొళగుంద వైపు పోవాలి. వానలు మొహం చాటేసిన ఏడు అక్కడ ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు 'సుగ్గి'కి పోతారు. తీసుకెళ్లిన మాత్రలు నెలకే అయిపోతాయి. కూలి మానుకుని ఆసుపత్రి వెతుక్కునేదెవరు?

ఈ సంగతి తెలిసేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే. 2021 నిబంధనల ప్రకారం హౌస్‌సర్జన్లకు 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగు. అందరినీ అనలేం గానీ, కొందరికి అది సంతకం పెట్టి పీజీ ఎంట్రన్స్ పుస్తకం తెరిచే కాలం! వాళ్లను మాత్రం ఏమనగలం? పాఠం చెప్పేవాళ్లంతా స్పెషలిస్టులు. ఇంటికెళితే చుట్టాల పలకరింపు... ''ఒట్టి ఎంబీబీఎస్సేనా?''

అదే, మెడికల్ ఆఫీసర్ పక్కన కూర్చోబెట్టుకుని ఓపీ చూపిస్తే కథ మారుతుంది. పోయిన వారం మందిచ్చిన అవ్వ మళ్లీ వచ్చి ''తగ్గింది పాపా'' అంటుంది. డిశ్చార్జి అయితే మళ్లీ కనిపించని వార్డు రోగుల దగ్గర ఆ మాట వినడం అరుదు.

కడప జిల్లాకు ఈ తరహా వైద్యం కొత్తేమీ కాదు. తిరుపతిలో హౌస్‌సర్జన్సీ చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. 'రూపాయి డాక్టర్' అన్న పేరు అక్కడిదే. రాజకీయాలు తర్వాతి సంగతి.

ఆ జిల్లాకు సొంత ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది 2006లో, రిమ్స్ పేరుతో. 2022 నుంచి దేశంలోని అన్ని మెడికల్ కాలేజీల్లాగే కర్నూలు, కడప విద్యార్థులూ మొదటి ఏడాదే కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలి. బీపీ చూడాలి, పిల్లల బరువు తూచాలి, మళ్లీ మళ్లీ అదే గడప తొక్కాలి. ఫొటో దిగి బస్సెక్కితే లాభం లేదు. వెళ్లినప్పుడు తలుపుకు తాళం కనిపిస్తే పక్కింట్లో అడగాలి.

''సుగ్గికి పోయినారు సామీ... ఉగాదికొస్తారు.''

మాత్రలు ఎన్నిచ్చి పంపారో చీటీ తీసి చూడాలి.