ఏ ఈగ పనిచేస్తోంది అంకుల్?

వారాంతంలో ఏం చేస్తారని సింగపూర్‌లోని మన తెలుగువాళ్ళని అడిగితే లిటిల్ ఇండియాలో కూరగాయలు, పిల్లల ట్యూషన్లు, సాయంత్రం ఎవరింట్లోనో పుట్టినరోజు అని చెప్తారు. నేను చేపలు పడతానంటే ముందు ఉత్సాహంగా "పులుసు ఎప్పుడు పెడుతున్నారు?" అంటారు. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తానని చెప్పగానే, ఆఫీసులో ఒత్తిడి ఎక్కువగా ఉందా అని మా ఆవిడని విడిగా ఆరా తీస్తారు!

నాకున్న ఆ పిచ్చి పేరు ఫ్లై ఫిషింగ్. మన ఊళ్ళలో గాలం అంటే వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కేనికి వానపాము. ఇందులో వానపాము ఉండదు. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, మెరుపు దారాలు చుట్టి పురుగులాగానో, చిన్న చేపలాగానో తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. మా ఇంట్లో మాత్రం అది "ఈగ". ఇంత తేలికైన వస్తువు దానంతటది దూరం వెళ్ళదు కాబట్టి, లావుపాటి దారం బరువుతోనే దాన్ని విసరాలి. దారం ముందు మన వెనక్కి వెళ్ళి, గాలిలో తిన్నగా పరుచుకుని, అప్పుడు ముందుకి వస్తుంది. ఈ వెనక్కి వెళ్ళడం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇక్కడి రిజర్వాయర్లలో పియుబి గుర్తించిన చోట్ల మాత్రమే చేపలు పట్టాలి, అదీ కృత్రిమమైన ఎరతోనే. మరి ఆ నీళ్ళే కదా మనం తాగేది! ఈ నియమం మా ఈగలకి బాగా కలిసొచ్చింది. మాకు ఎక్కువగా దొరికేది పీకాక్ బాస్. తోక దగ్గర నెమలి కన్నులాంటి మచ్చ ఉంటుంది. సొంత ఊరు దక్షిణ అమెరికా. మనలాగే వలస వచ్చి స్థిరపడింది, కాకపోతే పీఆర్‌కి అప్లై చెయ్యలేదు. ఇంకొకటి తోమన్, మన కొర్రమీనుకి పెద్దన్న వరస. కొర్రమీను 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

సరే, అసలు విషయానికొద్దాం. రిజర్వాయర్ గట్టు మీద ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "ఏం పనిచేస్తోంది?" అనే. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో లోయర్ సెలెటార్ దగ్గర ఒక చైనీస్ పెద్దాయన వరసగా చేపలు పడుతుంటే, నా కర్ర పక్కన పెట్టి, ఆయన దారం చుట్టుకునేదాకా ఆగి అడిగాను. ఆయన డబ్బా తెరిచి చూపించారు. చిలకపచ్చ, తెలుపు రంగుల్లో క్లౌజర్ మిన్నో. "గ్రీన్ వైట్, పుల్ ఫాస్ట్ ఫాస్ట్ లా" అని ఒకటి నా చేతిలో పెట్టారు. ఎండెక్కితే చేప లోతుకి దిగుతుందనీ, అప్పుడు ఈగని కాసేపు మునగనిచ్చి లాగాలనీ కూడా ఆయనే చెప్పారు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అది నా పాత స్నేహితురాలే. 2008లో పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నేను ఈ విద్య మొదలుపెట్టింది దానితోనే. అక్కడి సస్క్వెహన్నా నదిలో స్మాల్‌మౌత్ బాస్ కోసం బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980లలో దాన్ని తయారుచేశారు. కొక్కేనికి డంబెల్ ఆకారంలో బరువైన కళ్ళు కట్టడంతో అది తలకిందులుగా ఈదుతుంది, మొన పైకి ఉంటుంది, అడుగున రాళ్ళకి అంతగా తగులుకోదు. పేరు పెట్టి పదిమందికీ తెలియజేసింది లెఫ్టీ క్రే. వాళ్ళు ఆ కిటుకు తమ దగ్గరే దాచుకుని ఉంటే, సెలెటార్‌లో ఈ పెద్దాయన చేతికి వచ్చేదా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది ఓపెన్ సోర్స్.

అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి కొన్ని మర్యాదలున్నాయి. ఎదుటివాళ్ళు చేపతో పెనుగులాడుతున్నప్పుడు ప్రశ్నలు వెయ్యకూడదు, మన దారం చుట్టేసుకోవాలి. ఎవరి పక్కనైనా నిలబడే ముందు "ఇక్కడ నిలబడొచ్చా అంకుల్?" అని అడగాలి. విసిరే ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడాలి. సింగపూర్‌లో గట్టు వెనకాలే నడిచే దారి ఉంటుంది, దాని మీద జాగింగ్ చేసేవాళ్ళు, సైకిళ్ళ మీద పిల్లలు. కొక్కెం ఎదురుముల్లుని ముందే శ్రావణంతో నొక్కేస్తే చేపకీ మంచిది, మనుషులకీ మంచిది. తెగిన దారం ముక్క జేబులో వేసుకోవాలి. నీటిపిల్లులకీ, కొంగలకీ అది ఉరితాడు. ఇక ఒక ఈగ ఉచితంగా తీసుకున్నవాడు రెండు కట్టి ఇంకెవరికైనా ఇవ్వాలి. ఇది ఎక్కడా రాసి ఉండదు.

మరి చోటు సంగతి? ఇక్కడే నాకూ కొందరు మిత్రులకీ పేచీ. ఆ మధ్య మన కుర్రాడొకడు తోమన్‌ని పట్టి, ఎక్కడ పట్టాడో మ్యాపుతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చెడ్డ ఉద్దేశమేమీ లేదు, నలుగురికీ ఉపయోగపడుతుందనే పెట్టాడు. తరవాతి శనివారం ఆ మూల జనంతో నిండిపోయింది. సరిగ్గా అక్కడే ఒక తోమన్ జంట పిల్లల్ని కాచుకుంటోంది. కొర్రమీను పిల్లల్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది, గాలి పీల్చుకోవడానికి గుంపుగా పైకొస్తుంటే ఒక్కచోటే చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. ఆ సమయంలో దగ్గరికొచ్చిన దేన్నైనా తల్లీతండ్రీ కరుస్తాయి. ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. అప్పుడు ఏ ఈగ అయినా పనిచేస్తుంది, అందుకే అప్పుడు ఏ ఈగా వెయ్యకూడదు. ఆ రోజు రెండింటినీ పట్టుకుపోయారు. పిల్లలు నాలుగు రోజులు తిరిగాయి, తరవాత కనబడలేదు.

అంతమాత్రాన నోరు మూసుకుని కూర్చోవాలా? నేనలా అనను. దాచుకుంటే విద్య మనతోనే పోతుంది. నా పద్ధతి ఏమిటంటే, ఈగ సంగతి ఎవరడిగినా మొత్తం చెప్తాను. రంగు, సైజు, లోతు, ఎంత వేగంగా లాగాలో అన్నీ. చోటు మాత్రం ఫోన్లో చెప్పను, వెంటబెట్టుకుని తీసుకెళ్తాను. మా ఉద్యోగాల్లో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్ళకి ఇది తెలిసిందే. డాక్యుమెంట్ పంపితే సగమే అందుతుంది, మిగతా సగం పక్కన కూర్చుంటేనే వస్తుంది. వెనక్కి ఎలా చూడాలో, పిల్లలున్న చోట కర్ర ఎందుకు దించెయ్యాలో మ్యాపులో ఉండవు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద మన బాబాయిలూ, మావయ్యలూ నేర్పింది అలాగే కదా.

కాబట్టి మీలో ఎవరికైనా సరదా ఉంటే తప్పకుండా రండి. ఇక్కడ ఏడాది పొడుగునా తెల్లవారేది ఏడింటి ప్రాంతంలోనే కాబట్టి ఆరున్నరకల్లా గట్టు మీద ఉండాలి. టోపీ, నల్ల కళ్ళద్దాలు, మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి. పిల్లల్నీ తీసుకురండి. మొదటి ఈగ నేనిస్తాను. తరవాత రెండు కట్టి ఎవరికిస్తారో మీ ఇష్టం.